‘గెట్’ అంటే ఏంది సార్? ఆ ఒక్క మాటను వాడుకలోకి తెచ్చుకునే పద్ధతి

తిరుపతి కొర్లగుంటలో సాయంత్రం పూట నేను చెప్పే స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు లాడ్జి రిసెప్షన్‌లో కూర్చునే కుర్రాళ్ళు, ట్యాక్సీ డ్రైవర్లు, నర్సింగ్ చదివే అమ్మాయిలు వస్తుంటారు. చేరిన రెండో వారంలో అందరూ అడిగేది ఒకటే. “గెట్ అంటే ఏంది సార్? డిక్షనరీలో ‘పొందు’ అని ఉంది. మరి గెట్ అప్ అంటే పైకి పొందడమా?” ప్రతి బ్యాచికీ మొదట్నుంచి చెప్పి చెప్పి గొంతు పోతోంది. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

పోయిన నెల ఒకమ్మాయి బుగ్గ వాచిపోయి క్లాసుకొచ్చింది. ముందురోజు అమెరికాలో ఉన్న అక్క కూతురు వీడియో కాల్‌లో చూసి ఏమైందని అడిగిందట. ఈ అమ్మాయి ‘ఐ రిమూవ్డ్ మై టూత్ యెస్టర్‌డే’ అందట. అవతల పదేళ్ళ పాప కళ్ళు పెద్దవి చేసి ‘బై యువర్‌సెల్ఫ్?’ అని అడిగిందట. పన్ను పిన్ని తనే పీక్కుందనుకుంది మరి! ఈ అమ్మాయి చెప్పాలనుకున్నది పన్ను తీయించుకున్నానని. ఆ ‘ఇంచుకున్నాను’ను ఇంగ్లీషులో మోసేది గెట్టే. 4వ మెట్టులో దాని సంగతి చూద్దాం.

అంతకన్నా ముందు ఒక్క విషయం. మనకు ‘పడు’ అనే మాట ఉంది. వాన పడింది. జీతం పడింది. తంటాలు పడ్డాను. వాళ్ళిద్దరికీ పడదు. ‘పడు’ అంటే ఏంటని మనమెప్పుడైనా కూర్చుని ఆలోచించామా? పక్కనున్న మాటే అర్థం చెప్పేస్తుంది. గెట్ కూడా అచ్చం అంతే. దాని అర్థం దానిలో వెతక్కండి, దాని పక్కన ఏముందో చూడండి.

కావలసినవి

ఒక నోటుబుక్కు, వాయిస్ రికార్డర్ ఉన్న ఫోను, రోజుకు 20 నిమిషాల చొప్పున 10 రోజులు. ఒక లెర్నర్స్ డిక్షనరీ, అంటే నేర్చుకునేవాళ్ళ కోసం తేలిక ఇంగ్లీషులో అర్థాలు చెప్పేది, కూడా కావాలి. ఇంగ్లీషు నుంచి తెలుగుకు ఉండే చిన్న డిక్షనరీ ఈ పనికి చాలదు, అది ‘పొందు’ దగ్గరే ఆగిపోతుంది. కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ వాళ్ళ డిక్షనరీలు నెట్‌లో ఉచితంగానే చూడొచ్చు. దాదాపు ప్రతి అర్థానికీ కింద ఉదాహరణ వాక్యం ఉంటుంది. మీకు పనికొచ్చేది ఆ వాక్యమే.

మూడు రూపాలు నోటికి రావాలి: గెట్, గాట్, గాట్. అమెరికా వాళ్ళు మూడోదాన్ని చాలాచోట్ల ‘గాటెన్’ అంటారు. వింటే కంగారు పడొద్దు. మన బడుల్లో నేర్పింది బ్రిటిష్ పద్ధతి కాబట్టి మీరు గాట్ అనండి చాలు.

1. పక్కమాటను గుర్తుపట్టండి

నోటుబుక్కు చివరి పేజీలో ఈ ఆరు వరుసలు రాసుకోండి.

గెట్ + వస్తువు: దొరకడం, రావడం, తేవడం
గెట్ + గుణం చెప్పే మాట: అవ్వడం
గెట్ + వస్తువు + క్రియ మూడో రూపం: చేయించుకోవడం
గెట్ + టు + చోటు: చేరడం
గెట్ + టు + క్రియ: అవకాశం దొరకడం
గెట్ + అప్, ఆన్, ఆఫ్, ఓవర్ లాంటి చిన్న మాట: ఒక్కోదానికి ఒక్కో అర్థం

బట్టీ పట్టొద్దు. ఇంగ్లీషులో గెట్ కనబడినప్పుడల్లా ఆ పేజీ తిప్పి, ఇది ఏ వరుసదో వేలు పెట్టి చూపించండి. మూడు రోజులకు పేజీ తిప్పే అవసరం ఉండదు.

2. వస్తువు వస్తే: దొరికింది, వచ్చింది

విష్ణు నివాసం దగ్గర తెల్లవారుజామున లైన్లో నిలబడితే సర్వదర్శనం టోకెన్ దొరికిందనుకోండి. ‘ఐ గాట్ ఎ టోకెన్.’ అంతే. చిక్కల్లా ఇక్కడే: తెలుగులో ‘నాకు టోకెన్ దొరికింది’ అంటాం, దొరికింది టోకెన్. ఇంగ్లీషులో వాక్యం ‘ఐ’తో మొదలవ్వాలి. తెలుగు వరుసలోనే పోయి ‘టోకెన్ గాట్ టు మి’ అనేవాళ్ళు క్లాసులో కనీసం ఇద్దరైనా ఉంటారు. మందు ఒకటే. తెలుగులో ‘నాకు, మాకు, అతనికి’ అని నోటికొస్తే ఇంగ్లీషులో ‘ఐ, వి, హి’తో మొదలుపెట్టండి.

రెండో తప్పు: ‘ఐ డిడ్ నాట్ గాట్’. డిడ్ వచ్చాక గాట్ రాకూడదు. జరిగిపోయిందని డిడ్ చెప్పేసింది కదా, మళ్ళీ గాట్ కూడా చెప్పక్కర్లేదు. ‘ఐ డిడ్ నాట్ గెట్ ఎ టోకెన్.’ ప్రశ్నకూ ఇదే లెక్క: ‘డిడ్ యు గెట్ ఎ రూమ్?’

లాడ్జిలో, హోటల్లో పనిచేసేవాళ్ళకు ఇదే వరుసలో ఇంకో వాడుక బాగా పనికొస్తుంది. ‘కెన్ ఐ గెట్ యు సమ్ వాటర్?’ అంటే మీకు నీళ్ళు తెమ్మంటారా అని. ‘యు వాంట్ వాటర్?’ అని మొహం మీద అడగడం కన్నా ఎంతో మర్యాదగా ఉంటుంది.

‘ఐ గాట్ టూ టికెట్స్’ అంటే రెండు టికెట్లు దొరికాయని. ‘ఐ హావ్ గాట్ టూ టికెట్స్’ అంటే నా దగ్గర రెండు టికెట్లు ఉన్నాయని. ఈ హావ్ గాట్‌లో దొరకడం ఏమీ లేదు, ఉండడమే.

3. గుణం వస్తే: అవుతోంది

‘ఇట్ ఈజ్ గెట్టింగ్ లేట్’ అంటే పొద్దుపోతోందని. ‘ఇట్ ఈజ్ గెట్టింగ్ హాట్’ అంటే ఎండ ముదురుతోందని. మన ఊళ్ళో ఏప్రిల్, మే నెలల్లో ఇది రోజూ అనొచ్చు. అలిపిరి మెట్ల దారి గురించి విదేశీయుడికి చెప్పాలంటే, 3,550 మెట్లని అంకె చెప్పి ఊరుకోకుండా ‘నియర్ మోకాళ్ళ మిట్ట, ది స్టెప్స్ గెట్ వెరీ స్టీప్’ అని కూడా చెప్పండి. అక్కడ మెట్లు నిట్టనిలువుగా ఉంటాయని ముందే తెలిస్తే నీళ్ళ సీసా దాచుకుంటాడు.

మనవాళ్ళు జారిపడేది ఎక్కువగా ఈ మెట్టు మీదే. తెలుగులో నిద్ర వస్తుంది, కోపం వస్తుంది. అందుకే ‘ఐ యామ్ గెట్టింగ్ స్లీప్’, ‘హి ఈజ్ గెట్టింగ్ యాంగర్’ అనేస్తాం. నిద్ర, కోపం అనే పేర్లు ఇక్కడ పనికిరావు, ఆ స్థితిని చెప్పే మాట కావాలి. స్లీప్ కాదు స్లీపీ. యాంగర్ కాదు యాంగ్రీ. ఆకలికి హంగర్ కాదు హంగ్రీ. దప్పికకు థర్స్ట్ కాదు థర్స్టీ. నాలుగింట్లోనూ చివర ‘ఈ’ వినబడుతోంది, చూశారా? గుర్తు పెట్టుకోవడానికి అదే కొండగుర్తు.

ఒక్క అక్షరం తేడా చూడండి. ‘ఐ యామ్ గెట్టింగ్ కోల్డ్’ అంటే నాకు చలేస్తోంది. ‘ఐ యామ్ గెట్టింగ్ ఎ కోల్డ్’ అంటే నాకు జలుబు చేస్తోంది. నర్సింగ్ అమ్మాయిలూ, ఈ రెండూ కలిపేస్తే దుప్పటి కావాల్సిన మనిషికి మాత్ర ఇస్తారు.

‘ఐ యామ్ గెట్టింగ్ ఎ డౌట్’ మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. బయటివాళ్ళకు డౌట్ అంటే అనుమానం, నమ్మకం లేకపోవడం. మీ మాట నేను నమ్మను అన్నట్టు వినిపించొచ్చు. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అనండి.

హెచ్చరిక: వృత్తి దగ్గర గెట్ వాడొద్దు. ‘మై బ్రదర్ గాట్ ఎ డాక్టర్’ అంటే మా అన్నకు డాక్టర్ దొరికాడని అర్థం, డాక్టర్ అయ్యాడని కాదు. అక్కడ ‘బికేమ్’ వాడాలి.

పెళ్ళి మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. ‘గాట్ మ్యారేజ్’ కాదు, ‘గాట్ మ్యారీడ్’. ‘మ్యారీడ్ విత్’ కాదు, ‘మ్యారీడ్ టు’.

ఇంకొకటి జాగ్రత్త. ‘మై సన్ గాట్ లాస్ట్’ అంటే మా అబ్బాయి తప్పిపోయాడు. కొండ మీద రద్దీలో ఎవరికైనా అవసరం పడే వాక్యం. ఎదుటి మనిషిని చూసి ‘గెట్ లాస్ట్’ అంటే మాత్రం ‘ఫోరా’ అని తిట్టినట్టే.

4. చేయించుకోవడం

ఇప్పుడు పన్ను దగ్గరికి వద్దాం. తెలుగులో చేశాను వేరు, చేయించాను వేరు, చేయించుకున్నాను వేరు. ఇన్ని తేడాలు ఒక్క క్రియలో ఇమిడిపోతాయి. ఇంగ్లీషు క్రియకు ఆ సౌకర్యం లేదు, గెట్‌ను అరువు తెచ్చుకోవాలి.

సూత్రం: గెట్ + వస్తువు + క్రియ మూడో రూపం.

‘ఐ గాట్ మై టూత్ రిమూవ్డ్.’ పన్ను తీయించుకున్నాను.
‘ఐ గాట్ టూ బ్లౌజెస్ స్టిచ్డ్.’ రెండు జాకెట్లు కుట్టించుకున్నాను.
‘ఐ గాట్ మై బైక్ రిపేర్డ్.’ బండి బాగుచేయించుకున్నాను.
‘ఐ గాట్ మై హెడ్ షేవ్డ్ ఎట్ తిరుమల.’ తిరుమలలో గుండు చేయించుకున్నాను.

కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చాక ఆఫీసులో ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి నాలుగోది తిరుపతిలో అందరికీ రావాలి. ‘ఐ షేవ్డ్ మై హెడ్’ అన్నా తప్పు కాదు, ఇంగ్లీషువాళ్ళూ అలా అంటారు. కాకపోతే కత్తి పట్టింది ఎవరన్నది అందులో తేలదు.

వరుస తప్పితే వాక్యం చెడుతుంది. ‘ఐ గాట్ రిపేర్డ్ మై బైక్’ అని వినని రోజు లేదు నాకు. తెలుగులో ‘బండి బాగుచేయించా’ అంటాం కదా, బండి ముందు, పని తర్వాత. ఇంగ్లీషులోనూ ఇక్కడ అదే వరుస: బైక్ ముందు, రిపేర్డ్ తర్వాత. తెలుగు వరుస మనకు కలిసొచ్చే చోటు ఇది, వదులుకోకండి.

గాట్ బదులు హ్యాడ్ పెట్టినా అర్థం మారదు: ‘ఐ హ్యాడ్ మై బైక్ రిపేర్డ్.’ కాస్త మర్యాదగా వినిపిస్తుంది. ఇంటర్వ్యూలో ఇది వాడండి.

దొంగతనం దగ్గర మాత్రం ‘ఐ గాట్ మై ఫోన్ స్టోలెన్’ అనకండి. మీరే మనిషిని పెట్టి కొట్టేయించారేమో అనే తికమక వస్తుంది. ‘మై ఫోన్ గాట్ స్టోలెన్’ అనండి.

మనిషి చేత చేయించామని చెప్పాలంటే సూత్రం మారుతుంది: గెట్ + మనిషి + టు + క్రియ. ‘వి గాట్ ది డ్రైవర్ టు స్టాప్ ఎట్ చంద్రగిరి.’ డ్రైవర్‌కు నచ్చజెప్పి చంద్రగిరి దగ్గర ఆపించామని. టు మరిచిపోవద్దు. గెట్ బదులు మేక్ వాడితే టు ఉండదు: ‘వి మేడ్ హిమ్ స్టాప్.’ అందులో నచ్చజెప్పడం లేదు, దబాయింపు ఉంది.

5. చోటు వస్తే: చేరడం

‘హౌ డు ఐ గెట్ టు కాణిపాకం?’ కాణిపాకం ఎలా వెళ్ళాలి? డ్రైవర్లు రోజూ వినే ప్రశ్న. ఊరి పేరుకు ముందు టు ఉండాలి. హోమ్, హియర్, దేర్ అనే మూడింటికీ టు వద్దు: ‘ఐ గాట్ హోమ్ ఎట్ టెన్.’ గెట్‌కు బదులు రీచ్ వాడితే ఎక్కడా టు రాదు. ‘రీచ్డ్ టు రేణిగుంట’ తప్పు, ‘రీచ్డ్ రేణిగుంట’ ఒప్పు.

6. ఎక్కడం, దిగడం

తిరుమల బస్సులు అలిపిరి టోల్‌గేటు దగ్గర ఆగుతాయి. సామానుతో సహా అందరూ దిగి తనిఖీ చేయించుకుని మళ్ళీ ఎక్కాలి. చాలా ఏళ్ళ కిందట నా పక్క సీట్లో ఒక విదేశీ పెద్దావిడ కూర్చుంది. బస్సు ఆగింది, జనం తోసుకుంటున్నారు. సాయం చేద్దామని ‘మేడమ్, గెట్ డౌన్, గెట్ డౌన్!’ అని తొందరపెట్టాను. ఆవిడ గభాల్న తల వంచేసి ముందు సీటు వెనక నక్కింది. పైనుంచి ఏదో మీద పడుతోందనుకుంది పాపం. అరిచి చెబితే గెట్ డౌన్ అంటే వాళ్ళకు ‘వంగు’ అని.

బస్సు దిగడానికి ‘గెట్ డౌన్’ మన దేశంలో నడుస్తుంది, మనలో మనకు ఇబ్బందేమీ లేదు. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఇలా:

నిలబడి నడవగలిగే బండ్లు, అంటే బస్సు, రైలు, విమానం: ఎక్కడానికి గెట్ ఆన్, దిగడానికి గెట్ ఆఫ్.
వంగి దూరి కూర్చునేవి, అంటే కారు, ఆటో: గెట్ ఇన్, గెట్ అవుట్ ఆఫ్.
కాలు అటూ ఇటూ వేసి కూర్చునే బైకు, సైకిలు: మళ్ళీ గెట్ ఆన్, గెట్ ఆఫ్.

డ్రైవర్లకు ఒక మాట. దిగాల్సిన చోటు వచ్చిందని ప్రయాణికుడితో ‘గెట్ అవుట్’ అనకండి. వ్యాకరణం సరిగ్గానే ఉన్నా వినడానికి క్లాసులోంచి బయటికి పొమ్మన్నట్టు ఉంటుంది. ‘వి ఆర్ హియర్, సర్’ అంటే చాలు, ఆయనే దిగుతాడు.

7. చిన్న మాటల జంటలు, రోజుకు రెండు

డిక్షనరీలో ఇవి పేజీలకు పేజీలు ఉంటాయి. అన్నీ వద్దు. నా లెక్కన ముందుగా ఇవి వస్తే బండి నడుస్తుంది.

గెట్ అప్: పడక మీంచి లేవడం. మెలకువ రావడం వేక్ అప్. ‘ఐ వోక్ అప్ ఎట్ ఫోర్ బట్ గాట్ అప్ ఎట్ సిక్స్’ అన్నారంటే రెండు గంటలు దుప్పట్లోనే ఉన్నారని.

గెట్ అలాంగ్: పొసగడం. ‘దే డోంట్ గెట్ అలాంగ్’ అంటే మన ‘వాళ్ళిద్దరికీ పడదు’.

గెట్ బై: ఎలాగోలా నెట్టుకురావడం. చిత్తూరు వైపు వాళ్ళలో చాలామంది తమిళం గురించి నిజాయితీగా చెప్పుకోదగ్గ వాక్యం: ‘ఐ కెన్ గెట్ బై ఇన్ తమిళ్.’ బాగా వచ్చని కాదు, పని జరుగుతుందని.

గెట్ త్రూ: ఫోన్ లైను కలవడం. ‘ఐ కుడ్ నాట్ గెట్ త్రూ.’ కష్టంలోంచి గట్టెక్కడం కూడా ఇదే.

గెట్ ఓవర్: జబ్బు నుంచో బాధ నుంచో తేరుకోవడం. ‘గెట్ ఓవర్ ఫ్రమ్’ అనొద్దు, ఫ్రమ్ అక్కర్లేదు.

గెట్ బ్యాక్ టు: ‘ఐ విల్ గెట్ బ్యాక్ టు యు’ అంటే కనుక్కుని మళ్ళీ చెప్తాను అని. వేడినీళ్ళు ఎప్పుడొస్తాయని గెస్ట్ అడిగితే ‘ఐ డోంట్ నో’ అనేకంటే ఇది వెయ్యిరెట్లు మేలు. అన్నాక చెప్పాలి మరి.

గెట్ బ్యాక్: తిరిగి రావడం, తిరిగి రాబట్టుకోవడం. లాడ్జి అడ్వాన్స్ వెనక్కి వస్తే ‘ఐ గాట్ మై అడ్వాన్స్ బ్యాక్’. ఇట్ పెడితే అది మధ్యలోనే ఉండాలి: ‘గాట్ ఇట్ బ్యాక్’. ‘గాట్ బ్యాక్ ఇట్’ అనకూడదు.

గెట్ రిడ్ ఆఫ్: వదిలించుకోవడం.

గెట్ అవే విత్: తప్పు చేసి కూడా దొరక్కుండా బయటపడడం.

గెట్ యూజ్డ్ టు: అలవాటు పడడం. తర్వాత వచ్చే క్రియకు ‘ఇంగ్’ తప్పనిసరి. ‘ఐ గాట్ యూజ్డ్ టు క్లైంబింగ్ ది స్టెప్స్.’ క్లైంబ్ అని ఆపేస్తే తప్పు.

అర్థం కావడం సంగతి కూడా చెప్పాలి. ‘ఐ గాట్ ఇట్’ అంటే అర్థమైంది. అర్థం కాకపోతే ‘ఐ యామ్ నాట్ గెట్టింగ్ యు’ అనడం మనకు అలవాటు. ‘సారీ, ఐ డిడ్ నాట్ గెట్ దట్’ అనడం మేలు. మొదటిది తప్పు ఎదుటివాడిదన్నట్టు ఉంటుంది, రెండోది నాకు వినబడలేదన్నట్టు.

8. టు + క్రియ: ఇక్కడ రెండు దారులు

‘వి గాట్ టు సీ ది రథోత్సవం’ అంటే రథోత్సవం చూసే అదృష్టం దొరికింది. ‘వి హావ్ గాట్ టు గో’ అంటే వెళ్ళక తప్పదు. హావ్ ఉందా లేదా అన్నదే తేడా. చిక్కేమిటంటే మాటల్లో చాలామంది ఆ హావ్‌ను మింగేస్తారు. ‘గాట్ టు గో!’ అని లేచారంటే అవకాశం వచ్చిందని కాదు, బయల్దేరుతున్నారని. మీరు మాట్లాడేటప్పుడు మాత్రం హావ్ మింగకండి.

ఎక్కడ వాడకూడదు

ఉద్యోగం దరఖాస్తులో, బ్యాంకు ఉత్తరంలో, పరీక్ష వ్యాసంలో గెట్ తగ్గించండి. దొరికింది, వచ్చింది అనడానికి రిసీవ్, అయ్యింది అనడానికి బికమ్, చేరాం అనడానికి రీచ్. ‘ఐ గాట్ యువర్ లెటర్’ వాట్సాప్‌లో బాగుంటుంది. మేనేజర్‌కు రాసేటప్పుడు ‘ఐ రిసీవ్డ్ యువర్ లెటర్’ అనండి.

వచ్చిందో లేదో చూసుకోవడం

మొదటి పరీక్ష: మార్పిడి. మీరు రాసిన వాక్యంలో గెట్ తీసేసి రిసీవ్, బికమ్, రీచ్, అండర్‌స్టాండ్‌లలో ఒకటి పెట్టండి. ఏదో ఒకటి సరిపోతే మీ వాక్యం చాలావరకు సరైనదే. 2వ మెట్టులోని ‘కెన్ ఐ గెట్ యు’, ‘హావ్ గాట్’ వాక్యాలకూ, ‘ఐ గాట్ ఇట్’ లాంటివి తప్ప 4, 6, 7, 8 మెట్లలోని వాక్యాలకూ ఇది పనిచేయదు, వాటికి డిక్షనరీలోని ఉదాహరణతో పోల్చుకోవాలి.

రెండో పరీక్ష: ఫోన్. ఆ రోజు జరిగినవి ఐదు వాక్యాలు గెట్‌తో చెప్పి రికార్డు చేయండి. మరుసటి రోజు పొద్దున వినండి. అప్పటికప్పుడు వింటే తప్పు దొరకదు, రాత్రి గడవాలి. ‘డిడ్ నాట్ గాట్’, ‘గెట్టింగ్ స్లీప్’ ఈ రెండూ వినబడలేదంటే సగం గెలిచినట్టే.

మూడోది రాతపరీక్ష. జవాబులు చేత్తో మూసి, ఇంగ్లీషులో రాయండి.

(1) నిన్న బ్లడ్ టెస్ట్ చేయించుకున్నాను.
(2) మా అన్నకు ఉద్యోగం రాలేదు.
(3) నాకు నిద్ర వస్తోంది.
(4) బస్సు ఎక్కడ దిగాలి?
(5) మీకు కాఫీ తెమ్మంటారా?
(6) చెన్నైకి ఫోన్ చేశాను, లైను కలవలేదు.
(7) మా చెల్లెలు లాయర్ అయింది.

జవాబులు:

(1) ఐ గాట్ మై బ్లడ్ టెస్టెడ్ యెస్టర్‌డే.
(2) మై బ్రదర్ డిడ్ నాట్ గెట్ ఎ జాబ్. ‘టు మై బ్రదర్’ అని మొదలుపెట్టినవాళ్ళు 2వ మెట్టుకు వెళ్ళండి.
(3) ఐ యామ్ గెట్టింగ్ స్లీపీ.
(4) వేర్ డు ఐ గెట్ ఆఫ్ ది బస్? గెట్ డౌన్ అని రాసినా మార్కు తీయను. పెద్దావిడను గుర్తుచేసుకోండి, అంతే.
(5) కెన్ ఐ గెట్ యు ఎ కాఫీ?
(6) ఐ కాల్డ్ చెన్నై, బట్ ఐ కుడ్ నాట్ గెట్ త్రూ.
(7) మై సిస్టర్ బికేమ్ ఎ లాయర్. ‘గాట్ ఎ లాయర్’ అని రాశారా? అయితే మీ చెల్లెలు ఏదో కేసులో ఇరుక్కుని వకీలును పెట్టుకుంది.